రక్తంలో అయిదు గ్రాముల గ్లూకోజు: పిండిపదార్థాల జీవక్రియను చదవవలసిన తీరు

ఆరోగ్యంగా ఉన్న వయోజనుల శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున డెసీలీటరుకు 90 మిల్లీగ్రాముల చొప్పున లెక్క కడితే ఆ రక్తమంతటిలో ఉండే గ్లూకోజు 4.5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజును, గంటకు 5 గ్రాముల చొప్పున, ఖర్చు చేస్తుంది. ఎక్కడినుంచీ భర్తీ కాకపోతే రక్తంలో ఉన్నదంతా గంటలోపే అయిపోవాలి. నిజానికి అందులో సగం తగ్గేసరికే చెమటలు, వణుకు, అయోమయం మొదలవుతాయి. మరోవైపు, 75 గ్రాముల పిండిపదార్థం ఉన్న ఒక్క భోజనం, ఉన్నదానికి పదహారు రెట్ల గ్లూకోజును రెండు మూడు గంటల్లో అదే రక్తంలోకి దింపుతుంది. అయినా ఆరోగ్యవంతుల్లో రెండు గంటలు గడిచేసరికి ఆ అంకె 140 లోపే ఉంటుంది. పిండిపదార్థాల జీవక్రియ అని మనం చదివేదంతా, ఈ చిన్న చెంచాడు గ్లూకోజును అటు ఎండిపోకుండా, ఇటు పొంగిపోకుండా శరీరం ఎలా కాపాడుకుంటుందన్న ప్రశ్నకు సమాధానమే.

పోషకాహార శాస్త్రం చదివేవారికి ఈ విషయం సాధారణంగా ఇలా పరిచయం కాదు. గోడ నిండా పరుచుకునే పటంతో, గ్లూకోజును విడగొట్టే దారి అయిన గ్లైకాలిసిస్‌లో పది మెట్లు, ఆ తరవాత వచ్చే క్రెబ్స్ చక్రంలో ఎనిమిది, ప్రతి బాణం మీదా ఒక ఎంజైము పేరు అన్న పద్ధతిలో పరిచయమవుతుంది. పరీక్ష దాకా గుర్తుండి ఆ తరవాత చెరిగిపోయే చదువు అది. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, అన్ని బాణాలూ ఒకే బరువుతో కనిపించడం వల్ల ఏది నిర్ణాయకమో, ఏది దారిలో తగిలే మజిలీ మాత్రమేనో తేలదు. నా దృష్టిలో ఈ పటాన్ని మూడు ప్రశ్నలతో చదవాలి: ఈ చర్య ఏ కణజాలంలో జరుగుతోంది, తిన్న తరవాతా లేక పస్తులో ఉన్నప్పుడా, జరిగాక వెనక్కి తిరగడానికి వీలుందా? మెట్లలో ఎక్కువ భాగం రెండువైపులా సాగేవే. ఒకవైపే తెరుచుకునే తలుపులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి, శరీరం అదుపంతా వాటి దగ్గరే పెట్టుకుంటుంది. కొవ్వు గ్లూకోజుగా మారుతుందా, పిండిపదార్థాలు తింటే కొవ్వు పెరుగుతుందా, పండ్లలోని చక్కెర వేరా అన్న వివాదాల్లో చాలావాటికి సమాధానం ఆ తలుపుల దగ్గరే దొరుకుతుంది.

జీర్ణక్రియ గురించి ఎక్కువ చెప్పుకోనక్కరలేదు గాని రెండు సంగతులు తెలిసి ఉండాలి. పిండి అంటే గ్లూకోజు అణువుల గొలుసు. నిలువు గొలుసులోని బంధాలను లాలాజలంలోనూ క్లోమరసంలోనూ ఉండే అమైలేజ్ తెంచగలదు, కాని కొమ్మలు చీలే చోట ఉండే బంధాలను తెంచలేదు. మిగిలిన ముక్కలను చిన్నపేగు గోడకు అంటుకుని ఉండే ఎంజైములు విడగొడతాయి. పాలలోని లాక్టోజును విడగొట్టే లాక్టేజ్ కూడా అక్కడిదే; ప్రపంచంలో ఎక్కువమందిలో అది బాల్యం దాటాక తగ్గిపోతుంది కనుక, పెద్దయ్యాక పాలు పడకపోవడాన్ని జబ్బు అనడం కంటే మనుషుల్లో ఎక్కువగా కనిపించే స్థితి అనడమే సబబు. రెండో సంగతి, గ్లూకోజు పేగు గోడను దాటే తీరు. ఎస్‌జీఎల్‌టీ-1 అనే వాహక ప్రోటీను ఒక్కొక్క గ్లూకోజు అణువును రెండు సోడియం అయాన్లతో కలిపి లోపలికి తీసుకుంటుంది. ఈ జంట ప్రయాణాన్ని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన సమావేశంలో ప్రతిపాదించాడు. విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టిస్తే నీరు ఒంటికి పట్టడానికి కారణం ఇదే: సోడియమూ గ్లూకోజూ కలిసి లోపలికి వెళితే వాటి వెంట నీరూ వెళుతుంది. రెండింటిలో ఏది లేకపోయినా ఆ ద్రావణం పని కుంటుపడుతుంది.

పేగునుంచి బయలుదేరిన గ్లూకోజు ముందుగా కాలేయానికి చేరుతుంది. మొదటి తలుపు ఇక్కడ ఉంది. కణంలోకి వచ్చిన గ్లూకోజుకు ఒక ఫాస్ఫేటు తగిలిస్తే అది గ్లూకోజ్-6-ఫాస్ఫేటుగా మారుతుంది, మారాక కణత్వచాన్ని దాటి బయటికి పోలేదు. మెదడులోనూ కండరంలోనూ ఈ పని చేసేది హెక్సోకైనేజ్. కాలేయంలోనూ, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోనూ చేసేది దాని దాయాది గ్లూకోకైనేజ్. ఒకే పనికి రెండు ఎంజైములెందుకన్న అనుమానం అంకెలు చూస్తే తీరిపోతుంది. డెసీలీటరుకు 2 మిల్లీగ్రాముల గ్లూకోజు దొరికినా హెక్సోకైనేజ్ సగం వేగంతో పనిచేస్తుంది. అంటే రక్తంలో గ్లూకోజు కొంత తగ్గినా మెదడు కణం తన వాటా తాను పట్టుకుంటుంది. గ్లూకోకైనేజ్ సగం వేగం అందుకోవడానికి 140 మిల్లీగ్రాముల పైచిలుకు కావాలి. పస్తులో ఉన్నప్పుడు అది మందకొడిగా ఉండి కాలేయం గ్లూకోజును ముట్టుకోకుండా చూస్తుంది, భోజనం తరవాత పేగునుంచి వరద వచ్చినప్పుడు వేగం అందుకుని పొంగును పట్టుకుంటుంది. పైగా తాను తయారుచేసిన గ్లూకోజ్-6-ఫాస్ఫేటు పోగుపడితే హెక్సోకైనేజ్ ఆగిపోతుంది. గ్లూకోకైనేజ్‌కు అలాంటి అడ్డు లేదు. పోషకాహారంలో కాలేయం పాత్ర ఏమిటో చెప్పడానికి ఈ ఒక్క ఎంజైము గుణం చాలు. ఆ ఎంజైమే బీటా కణాల్లో గ్లూకోజు మట్టాన్ని కొలిచే సాధనంగా కూడా పనిచేస్తుంది, ఇన్సులిన్ ఎంత వదలాలో దాన్నిబట్టే తేలుతుంది.

గ్లైకాలిసిస్‌లోని పది మెట్లను కంఠస్థం చేయడం కంటే, ఒక రక్త నమూనా గొట్టంలో ఏం జరుగుతుందో గమనించడం మేలు. రక్తాన్ని మామూలు గొట్టంలో తీసి బల్లమీద వదిలేస్తే, గది ఉష్ణోగ్రతలో గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున అందులోని గ్లూకోజు తగ్గిపోతుంది. తింటున్నది ఎర్ర రక్తకణాలు. ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వాటికి లేవు, కేంద్రకం లేదు. బతకడానికి గ్లైకాలిసిస్ తప్ప మరో ఆధారం లేదు కనుక, గొట్టంలో ఉన్నా ఒంట్లో ఉన్నా అవి గ్లూకోజును నమలుతూనే ఉంటాయి. అందుకే గ్లూకోజు పరీక్షకు బూడిదరంగు మూత ఉన్న, లోపల సోడియం ఫ్లోరైడు వేసిన గొట్టాన్ని వాడతారు. ఫ్లోరైడు తొమ్మిదో మెట్టు దగ్గరి ఈనోలేజ్‌ను అడ్డుకుంటుంది. అయితే తొమ్మిదో మెట్టును మూసినంత మాత్రాన మొదటి మెట్టు వెంటనే ఆగదు. పైనున్న ఎంజైములు మరికొంతసేపు గ్లూకోజును తీసుకుంటూనే ఉంటాయి కాబట్టి, మొదటి గంట రెండు గంటల్లో ఫ్లోరైడు ఉన్నా తగ్గుదల కనిపిస్తుంది. సిట్రిక్ ఆమ్లంతో రక్తాన్ని ఆమ్లగుణానికి మారిస్తే మాత్రం మొదటి, మూడో మెట్ల దగ్గరి ఎంజైములే మందగించి గ్లూకోజు వెంటనే నిలబడుతుంది. అడ్డు ఎక్కడ వేశామన్నది ఎంత ముఖ్యమో ఏ పాఠ్యపుస్తకంలోని బొమ్మ కంటే ఈ గొట్టమే బాగా చూపిస్తుంది.

శరీరం కూడా తన అదుపును మూడో మెట్టు దగ్గరే పెట్టుకుంది. అక్కడి ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్, అంటే పీఎఫ్‌కే-1, గ్లైకాలిసిస్ మొత్తానికీ అసలైన ద్వారపాలకుడు. కణానికి శక్తినాణెం లాంటి ఏటీపీ సమృద్ధిగా ఉంటే అది మందగిస్తుంది, ఏటీపీ ఖర్చై దాని శేషమైన ఏఎంపీ పెరిగితే చురుకవుతుంది, క్రెబ్స్ చక్రంలో తయారయ్యే సిట్రేటు పోగుపడితే మళ్లీ తగ్గుతుంది. కాలేయంలో దీనిమీద మరో పెత్తనం ఉంది: ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేటు అనే చిన్న అణువు. 1980లో బెల్జియం శాస్త్రవేత్తలు హెర్స్, వాన్ షాఫ్టింగెన్ దీన్ని కనిపెట్టారు. ఇన్సులిన్ ప్రభావంలో ఈ అణువు పెరిగి గ్లూకోజు విచ్ఛిన్నం వైపు, పస్తులో పెరిగే గ్లూకగాన్ అనే హార్మోను ప్రభావంలో తగ్గి గ్లూకోజు తయారీ వైపు కాలేయాన్ని మళ్లిస్తుంది. ఒకే కణంలో విచ్ఛిన్నమూ తయారీ ఏకకాలంలో జోరుగా సాగితే ఏటీపీ వృథా కావడం తప్ప ఫలితం ఉండదు. ఆ వృథాను అరికట్టే ఏర్పాటు ఇది.

పది మెట్లూ దిగాక ఒక గ్లూకోజు నుంచి మూడేసి కార్బన్లున్న రెండు పైరువేట్లు, నికరంగా రెండు ఏటీపీలు మిగులుతాయి. దారిలో ఎన్ఏడీ అనే సహకారి ఎలక్ట్రాన్లను మోసి ఎన్ఏడీహెచ్‌గా మారుతుంది, దాన్ని మళ్లీ ఖాళీ చేయకపోతే ఆరో మెట్టు ఆగిపోతుంది. ఆక్సిజన్ చాలినంత ఉన్న కణంలో ఆ పని మైటోకాండ్రియా చేస్తుంది. ఎర్ర రక్తకణంలోనూ, శక్తికి మించి పరుగెత్తుతున్న కండరంలోనూ పైరువేటే ఆ భారాన్ని తీసుకుని లాక్టేటుగా మారుతుంది. లాక్టేటును చెత్తగానూ, కండరాల నొప్పికి మూలంగానూ చెప్పే అలవాటు ఇంకా పోలేదు. వ్యాయామం చేసిన మర్నాడు పట్టే నొప్పికి లాక్టేటుతో సంబంధం లేదు. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే రక్తంలో లాక్టేటు మామూలు మట్టానికి వస్తుంది. కాలేయం దాన్ని తీసుకుని తిరిగి గ్లూకోజుగా కట్టి రక్తంలోకి పంపుతుంది, గుండె కండరం దాన్ని నేరుగా ఇంధనంగా వాడుకుంటుంది. కండరానికీ కాలేయానికీ మధ్య నడిచే ఈ ఇచ్చిపుచ్చుకోలును కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులు 1929లో వివరించారు. గ్లూకోజు నిల్వ రూపమైన గ్లైకోజెన్ మీద వారి కృషికి 1947లో నోబెల్ పురస్కారం వచ్చింది, వైద్య విభాగంలో ఆ గౌరవం పొందిన తొలి మహిళ గెర్టీ కోరి. ఈ చక్రం ఉచితంగా నడవదు. కండరంలో ఒక గ్లూకోజు నుంచి రెండు ఏటీపీలు వస్తే, కాలేయంలో దాన్ని తిరిగి కట్టడానికి ఆరు ఖర్చవుతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన తలుపు. పైరువేటు మైటోకాండ్రియాలోకి వెళ్లాక పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే భారీ ఎంజైము సముదాయం దాని నుంచి ఒక కార్బన్‌ను కార్బన్ డయాక్సైడుగా తీసేసి, మిగిలిన రెండు కార్బన్లను అసిటైల్ కోఎంజైమ్-ఏగా మారుస్తుంది. మనిషి శరీరంలో ఈ చర్య వెనక్కి తిరగదు. కొవ్వు ఆమ్లాలు విరిగినప్పుడు వచ్చేది కూడా ఇదే అసిటైల్ కోఎంజైమ్-ఏ కనుక, కొవ్వు ఆమ్లాల నుంచి నికరంగా గ్లూకోజు తయారు కాదు. క్రెబ్స్ చక్రంలోకి వెళ్లి గ్లూకోజు దారిలో ఎందుకు తేలకూడదన్న అనుమానం వస్తుంది. కాని చక్రంలోకి రెండు కార్బన్లు ప్రవేశిస్తే రెండు కార్బన్లు కార్బన్ డయాక్సైడుగా వెళ్లిపోతాయి, మిగులేమీ ఉండదు. మొక్కలకూ కొన్ని బ్యాక్టీరియాలకూ ఈ నష్టాన్ని తప్పించే అడ్డదారి ఉంది, మనకు లేదు. కొవ్వులోని గ్లిసరాల్ భాగం మాత్రం గ్లూకోజుగా మారగలదు, అది మొత్తంలో చిన్న భాగమే. పస్తు ఉన్నప్పుడు శరీరం ఎదుర్కొనే కష్టమంతా ఈ ఒక్క చర్య వెనక్కి తిరగకపోవడం వల్ల వచ్చిందే.

ఈ ఎంజైముకు అయిదు సహకారులు కావాలి. వాటిలో నాలుగు థయమిన్, రైబోఫ్లేవిన్, నియాసిన్, పాంటోథెనిక్ ఆమ్లం అనే బి విటమిన్ల నుంచి వస్తాయి. థయమిన్ కరవైతే గ్లూకోజు ఇక్కడికి వచ్చి ఆగి, లాక్టేటుగా పోగుపడుతుంది, గ్లూకోజు మీదే ఆధారపడిన మెదడూ నాడులూ ముందుగా దెబ్బతింటాయి. దీర్ఘకాలం సరైన తిండి లేనివారికి, అతిగా మద్యం తాగేవారికి గ్లూకోజు ఎక్కించేటప్పుడు థయమిన్ కూడా ఇవ్వాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే: ఉన్న కొద్దిపాటి థయమిన్‌ను కూడా ఆ గ్లూకోజే మింగేస్తే మెదడుకు తీరని హాని జరగవచ్చు. విటమిన్లను ఒక అధ్యాయంలో, పిండిపదార్థాలను మరో అధ్యాయంలో చదివేవారికి ఈ ముడి కనిపించదు.

క్రెబ్స్ చక్రం గురించి ఇక్కడ వేరుగా విస్తరించను. గ్లూకోజు, కొవ్వు, మాంసకృత్తులు మూడూ చివరికి కలిసే చోటు అది. 1937లో హన్స్ క్రెబ్స్ దీనిమీద రాసిన చిన్న వ్యాసాన్ని నేచర్ పత్రిక వెనక్కి పంపింది, పదహారేళ్ల తరవాత అదే పనికి ఆయనకు నోబెల్ వచ్చింది. ఒక గ్లూకోజు పూర్తిగా దహనమైతే ఎన్ని ఏటీపీలు వస్తాయన్న ప్రశ్నకు పాత పుస్తకాలు 36 లేదా 38 అంటాయి, కొత్తవి 30 నుంచి 32 అంటాయి. మైటోకాండ్రియా పొర గుండా ప్రోటాన్లు కారిపోవడం, ఏటీపీని బయటికి చేర్చడానికి అయ్యే ఖర్చు లెక్కలోకి వచ్చాక తేలిన అంకెలు కొత్తవి. పరీక్షపత్రం ఏ పుస్తకాన్ని అనుసరిస్తోందన్నది విద్యార్థి తలరాత.

భోజనంలో వచ్చిన గ్లూకోజును వెంటనే కాల్చవలసిన పని లేనప్పుడు శరీరం దాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి దాదాపు 400 గ్రాములు పడతాయి. కండరంలో నాలుగు రెట్లు ఉన్నా, రక్తంలో గ్లూకోజు తగ్గితే ఆదుకునేది కాలేయంలోని 100 గ్రాములే. కారణం ఒక్క ఎంజైము. గ్లూకోజుకు తగిలించిన ఫాస్ఫేటును ఊడదీసే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ కాలేయానికి ఉంది, కండరానికి లేదు. కండరం దాచుకున్నది కండరమే వాడుకోవాలి. ఇందులోని మర్మాన్ని రెండు అరుదైన జన్యులోపాలు బయటపెడతాయి. కాలేయంలో ఆ ఎంజైము లేని వాన్ గీర్కే వ్యాధిలో పసిబిడ్డకు కాలేయం నిండా గ్లైకోజెన్ ఉంటుంది, అయినా కొద్ది గంటలు పాలు అందకపోతే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతుంది. 1951లో బ్రయన్ మెకార్డిల్ వర్ణించిన మరో వ్యాధిలో గ్లైకోజెన్‌ను విడగొట్టే ఎంజైము కండరంలో మాత్రమే లోపిస్తుంది. ఆ రోగులకు రక్తంలో గ్లూకోజు మామూలుగానే ఉంటుంది, కాని నాలుగు మెట్లు గబగబా ఎక్కితే కండరాలు పట్టేస్తాయి, ఎంత శ్రమించినా లాక్టేటు పెరగదు. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. పిండిపదార్థాలు మానేసిన మొదటి వారంలో తూకం ఒకటి రెండు కిలోలు తగ్గిందని సంబరపడేవారు కోల్పోయినదానిలో ఎక్కువ భాగం ఈ నీరే. మళ్లీ తినగానే అది తిరిగి వస్తుంది.

కాలేయంలోని నిల్వ దాదాపు ఒక రోజు పస్తుకు సరిపోతుంది. అది తరుగుతున్న కొద్దీ కొత్త గ్లూకోజు తయారీ, అంటే గ్లూకోనియోజెనెసిస్, పెరుగుతుంది. నిజానికి రాత్రి నిద్ర ముగిసేసరికే కాలేయం విడుదల చేసే గ్లూకోజులో ఉజ్జాయింపుగా సగం ఇలా కొత్తగా కట్టినదే. ముడిసరుకు లాక్టేటు, గ్లిసరాల్, కండరాల మాంసకృత్తులు విరిగితే వచ్చే అలనీన్ వంటి అమైనో ఆమ్లాలు. గ్లైకాలిసిస్‌లో వెనక్కి తిరగని మెట్లు మూడింటిని తప్పించుకోవడానికి కాలేయం నాలుగు వేరే ఎంజైములను వాడుతుంది. తక్కిన ఏడు మెట్లలో పాత దారిలోనే వెనక్కి నడుస్తుంది. కొవ్వు గ్లూకోజుగా మారదు గాని, ఈ నిర్మాణానికయ్యే శక్తి ఖర్చును భరించేది కొవ్వే. కాలేయంలో కొవ్వు ఆమ్లాల దహనం ఆగిపోతే గ్లూకోజు తయారీ కూడా ఆగిపోతుంది.

పస్తు ఇలాగే సాగితే లెక్క భయపెడుతుంది. మెదడు కోరే 120 గ్రాముల కోసం తొలి రోజుల్లో రోజుకు 75 గ్రాముల వరకు కండర మాంసకృత్తులు కరుగుతాయి. అదే వేగంతో కరిగితే కొన్ని వారాలకే శ్వాస కండరాలు కూడా బలహీనపడాలి. అలా జరగకపోవడానికి కారణం కాలేయం కొవ్వు నుంచి తయారుచేసే కీటోన్లు. కొవ్వు ఆమ్లాలు మెదడుకు పనికిరావు, కీటోన్లు పనికివస్తాయి. 1967లో ఆలివర్ ఓవెన్, జార్జ్ కేహిల్ బృందం, వైద్య పర్యవేక్షణలో వారాల తరబడి ఉపవాసం ఉన్న స్థూలకాయుల మెదడుకు వెళ్లే రక్తాన్నీ మెదడు నుంచి తిరిగి వచ్చే రక్తాన్నీ పోల్చి, మెదడుకు కావలసిన శక్తిలో సగానికి మించి కీటోన్ల నుంచే వస్తోందని చూపింది. మెదడు గ్లూకోజు వాడకం అలా తగ్గడంతో మాంసకృత్తుల నష్టం కూడా రోజుకు 20 గ్రాముల దరికి దిగుతుంది. పిండిపదార్థాలు ఆహారంలో తప్పనిసరా అన్న వాదనలో రెండు పక్షాలూ ఈ వాస్తవాల్లో సగమే చెబుతాయి. గ్లూకోజు లేనిదే శరీరం నిలవదు, ఎర్ర రక్తకణాలకు మరో దిక్కు లేదు. అయితే ఆ గ్లూకోజంతా తిండి రూపంలోనే రావాలన్న నియమమూ లేదు. అమెరికా పోషకాహార ప్రమాణాల్లో కనిపించే రోజుకు 130 గ్రాముల సిఫారసు, కీటోన్ల ఆసరా అక్కరలేకుండా మెదడు వాడుకునే గ్లూకోజు ఆధారంగా కట్టినది.

ఇన్సులిన్ లేకపోతే గ్లూకోజు కణాల్లోకి వెళ్లలేదని సాధారణంగా చెబుతారు. కండరం, కొవ్వు కణాల విషయంలో ఇది చాలా మటుకు నిజం: గ్లట్-4 అనే వాహకం కణం లోపల సంచుల్లో దాగి ఉండి, ఇన్సులిన్ సంకేతం అందాక పైపొరకు చేరుతుంది. మెదడు, కాలేయం, ఎర్ర రక్తకణాలు మాత్రం గ్లూకోజును రానివ్వడానికి ఇన్సులిన్ అనుమతి కోసం ఆగవు. కండరానికి కూడా రెండో దారి ఉంది. అది సంకోచించినప్పుడు ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్లట్-4 పైకి వస్తుంది, అందుకే భోజనం తరవాతి నడక మధుమేహం ఉన్నవారికి అంత ఉపకరిస్తుంది. రెండో రకం మధుమేహంలో పరగడుపు గ్లూకోజు ఎక్కువగా ఉండడానికి ముఖ్య కారణం, కాలేయం ఇన్సులిన్ మాట వినక అవసరం లేకపోయినా గ్లూకోజు విడుదల చేస్తూ ఉండడం. రాత్రి ఏమీ తినకపోయినా ఉదయానికి అంకె పెరిగిందేమిటన్న రోగి ఆశ్చర్యానికి సమాధానం అక్కడుంది, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ అనే మందు ప్రధానంగా తగ్గించేదీ కాలేయం చేసే ఆ పనినే. రక్తంలో గ్లూకోజు 180 దాటితే మూత్రపిండాలు దాన్నంతటినీ వెనక్కి పీల్చుకోలేక మూత్రంలోకి వదులుతాయి. ఆ పీల్చుకునే వాహకాన్ని కావాలనే అడ్డుకోవడం ఇటీవలి మందుల్లో ఒక తరగతి పని.

పిండిపదార్థాలు కొవ్వుగా మారతాయా? మారగలవు, రసాయన మార్గం ఉంది. అసిటైల్ కోఎంజైమ్-ఏ నుంచి కొవ్వు ఆమ్లాలను కట్టడం కాలేయానికి చేతనవును. కాని మామూలు మిశ్రమ ఆహారం తినే ఆరోగ్యవంతుల్లో ఈ దారిలో తయారయ్యే కొవ్వు రోజుకు కొద్ది గ్రాములే. రోజుల తరబడి మితిమీరి పిండిపదార్థాలు తిని గ్లైకోజెన్ గిడ్డంగులు నిండిపోయినప్పుడే అది గణనీయంగా పెరుగుతుంది. ఇది విని ఊరట చెందనక్కరలేదు. కొవ్వు ఆమ్లాల నిర్మాణంలో మొదట తయారయ్యే మాలొనైల్ కోఎంజైమ్-ఏ, కొవ్వు ఆమ్లాలను మైటోకాండ్రియాలోకి చేర్చే వాహకాన్ని అడ్డుకుంటుంది. ఇన్సులిన్ కొవ్వు కణాల నుంచి కొవ్వు విడుదలను ఆపుతుంది. ఫలితంగా శరీరం ఆ పూట గ్లూకోజును కాలుస్తూ, అదే భోజనంలో వచ్చిన కొవ్వును ముట్టుకోకుండా దాస్తుంది. మొత్తం కేలరీలు ఖర్చుకు మించినప్పుడు, గ్లూకోజు తాను కొవ్వుగా మారకుండానే కొవ్వు నిల్వను పెంచుతుంది.

ఫ్రక్టోజు కథ కొంచెం వేరు. మామూలు చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజు పీఎఫ్‌కే-1 ముందు అనుమతి కోసం నిలబడవలసి ఉండగా, ఫ్రక్టోజును కాలేయం ఫ్రక్టోకైనేజ్ అనే వేరే ఎంజైముతో పట్టుకుని ఆ మెట్టుకు దిగువన దారిలో కలుపుతుంది. కణంలో శక్తి ఎంత ఉన్నా ఈ పట్టివేత ఆగదు. మోతాదు ఎక్కువై, వేగంగా వచ్చిపడితే కాలేయ కణంలో ఫాస్ఫేటూ ఏటీపీ తాత్కాలికంగా తరిగి, ఆ శకలాలు యూరిక్ ఆమ్లంగా మారతాయి. కొవ్వు తయారీకి ముడిసరుకు కూడా అడ్డు లేకుండా అందుతుంది. ఇంతమాత్రాన ఫ్రక్టోజును విషమనడం అతిశయోక్తి. పండులో అది తక్కువ మోతాదులో, పీచుతో, నమిలి మింగే వేగంతో వస్తుంది. తియ్యటి పానీయంలో పెద్ద మోతాదులో, గుక్కల వేగంతో వస్తుంది. ఎంజైము ఒకటే, దాని మీద పడే భారం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకంలో మొత్తం శక్తిలో 10 శాతానికి మించకూడదన్న పరిమితి స్వేచ్ఛా చక్కెరలకే. ఆ జాబితాలో తేనె, పండ్ల రసాలు ఉన్నాయి, నమిలి తినే పండు లేదు.

డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో టొరంటోలో రూపొందించిన గ్లైసీమిక్ సూచీని కూడా ఇదే జాగ్రత్తతో చదవాలి. 50 గ్రాముల జీర్ణమయ్యే పిండిపదార్థం ఉన్న ఆహారం రెండు గంటల్లో రక్త గ్లూకోజును ఎంత పెంచిందో చూసి, గ్లూకోజుకు 100 ఇచ్చి పోల్చే కొలత అది. పదార్థం ఎంత తింటామన్నది అందులో లేదు, ఆ లోటు తీర్చడానికే తరవాత గ్లైసీమిక్ లోడ్ వచ్చింది. పైగా అది రక్తంలోని గ్లూకోజును మాత్రమే కొలుస్తుంది. ఫ్రక్టోజును కాలేయమే పట్టేస్తుంది గనుక శుద్ధ ఫ్రక్టోజుకు ఈ సూచీ చాలా తక్కువ. సూచీ తక్కువని ఫ్రక్టోజుతో తీపి చేసిన పదార్థాలు మంచివని ప్రచారం చేసిన రోజులు కూడా ఉన్నాయి.

పీచు పదార్థాన్ని జీర్ణం కాని పిండిపదార్థం అని నిర్వచించి వదిలేస్తారు. మన ఎంజైములకు అది లొంగదన్నది నిజమే, పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మాత్రం చాలా రకాలు లొంగుతాయి. అవి దాన్ని పులియబెట్టి అసిటేటు, ప్రొపియొనేటు, బ్యూటిరేటు అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. పిండికి గ్రాముకు 4 కేలరీల లెక్క కడితే, పులిసే పీచుకు సగటున 2 కట్టడం ఇందువల్లే. బ్యూటిరేటు పెద్దపేగు గోడ కణాలకే ముఖ్య ఇంధనం. అసిటేటు రక్తంలో కలిసి దూరపు కణజాలాలకు చేరుతుంది. మూడు కార్బన్ల ప్రొపియొనేటు కాలేయంలో, బి12 విటమిన్ సాయంతో సక్సినైల్ కోఎంజైమ్-ఏగా మారి క్రెబ్స్ చక్రం మధ్యలో చేరుతుంది. అలా చేరినది అసిటైల్ కోఎంజైమ్-ఏలా నష్టపోదు కనుక గ్లూకోజుగా కట్టడానికి పనికివస్తుంది. కొవ్వు ఆమ్లాల నుంచి గ్లూకోజు రాదన్న నియమానికి ఇది మినహాయింపు. మనుషుల్లో ఇలా వచ్చే గ్లూకోజు స్వల్పమే. నెమరువేసే జంతువుల్లో మాత్రం తిన్న పిండిపదార్థాన్ని కడుపులోని సూక్ష్మజీవులు ముందే పులియబెట్టేస్తాయి గనుక, వాటి రక్తంలోని గ్లూకోజులో అధిక భాగం ఈ ప్రొపియొనేటు నుంచి కాలేయం కట్టినదే.